అకారాది క్రమంలో ఒక పళ్ళసెట్టు

పంపులు తయారుచేసే ఆ ఫ్యాక్టరీలో, స్టోర్సు కిటికీ వెనక కూర్చునే ఆవిడ అసలు పేరు హాజరుపట్టీకి తప్ప ఎవరికీ గుర్తులేదు. చిన్నా పెద్దా అందరికీ ఆవిడ లిస్టక్కే. నాలుగు వేల విడిభాగాలు ఏ అరలో, ఏ డబ్బాలో ఉన్నాయో అంతా ఆవిడ జాబితాల్లో ఉంటుంది. కూరగాయలకి వెళ్ళినా జాబితా, పెళ్ళికి వెళ్ళినా జాబితా. ఒకసారి ఒంట్లో బాగాలేక డాక్టరు దగ్గరికి వెళ్ళి, తన బాధలన్నీ అకారాది క్రమంలో రాసుకొచ్చిన కాగితం తీసి చదవడం మొదలుపెట్టింది. "అరికాళ్ళ మంట, ఆకలి లేకపోవడం, ఒళ్ళు నొప్పులు, కళ్ళు తిరగడం..." అంటూ ఆవిడ 'జ్వరం' దాకా వచ్చేసరికి డాక్టరు మందు రాసేసి తర్వాతి మనిషిని పిలిచాడు.

అలాంటి లిస్టక్క నాటకం రాసింది.

రాయక ఏం చేస్తుంది? ఆరేళ్ళుగా ఫ్యాక్టరీ వార్షికోత్సవానికి సేఫ్టీ ఆఫీసరు గారు రాసిన హెల్మెట్ నాటకమే వేస్తున్నారు. గంటన్నర నాటకం. అందులో ఉన్నది ఒకటే పాత్ర, అది కూడా సేఫ్టీ ఆఫీసరు గారే వేస్తారు. హెల్మెట్ పెట్టుకుని వస్తారు, హెల్మెట్ గురించి మాట్లాడతారు, హెల్మెట్ తీయకుండానే వెళ్ళిపోతారు. ఈసారి కమిటీవాళ్ళు తెగించి ఒక మాట అన్నారు. "శనివారం నాలుగింటికి క్యాంటీన్లో నీ నాటకం చదివి వినిపించు లిస్టక్కా. బాగుంటే నీదే వేద్దాం. కాగితాలు రాకపోయినా, బాగులేకపోయినా మళ్ళీ హెల్మెట్టే."

నలభై ఏళ్ళు వచ్చాక మొదటిసారి ఒక పని జాబితాలో లేకుండా చేసింది లిస్టక్క. ఆ నాటకం స్టేజీ ఎక్కాలని ఎంత ఆశగా ఉందో ఎవరికీ చెప్పలేదు. అడిగితే మాత్రం, "ఏదో కాలక్షేపానికి" అనేది. అంటూనే చెవులు ఎర్రబడేవి.

నాటకం పేరు 'మాయమైన పళ్ళసెట్టు'. ఒక మామగారి పళ్ళసెట్టు కనబడదు. ఆయన అల్లుణ్ణి తిడతాడు, కంపౌండరుని తిడతాడు, డాక్టరు మీద కర్ర ఎత్తుతాడు. దొరికిన దొంగ జేబులు వెతికిస్తాడు. చివరికి చూస్తే పళ్ళసెట్టు ఆయన నోట్లోనే ఉంటుంది. అంత తిట్టగలిగాడంటే పళ్ళు ఉన్నట్టే కదా అని ఎవరికీ తట్టదు.

సోమవారం సాయంత్రం ఆఖరి మాట కొట్టి, మీట నొక్కి, ఎడిటర్ మూసేసింది. ఎడిటర్ అంటే ఆవిడ అక్షరాలు కొట్టుకునే సాఫ్ట్‌వేర్. పదకొండేళ్ళుగా దాన్ని తనకి కావలసినట్టు మలుచుకుంది. ఏ మీట నొక్కితే ఏం జరగాలో, ఏ రంగు ఎక్కడ కనబడాలో, అన్నీ సొంత సెట్టింగులు. ఒక్క మీటతో సేవ్ అయి మూసుకుపోవడం కూడా ఆవిడ పెట్టుకున్నదే. ఆ సెట్టింగుల ఫైలూ, నాటకం ఫైలూ ఒకే పెన్‌డ్రైవ్‌లో ఉంటాయి. ఆ పెన్‌డ్రైవ్ తాళాల గుత్తికి వేలాడుతూ ఇంట్లో కంప్యూటర్‌కీ స్టోర్సులో కంప్యూటర్‌కీ మధ్య రోజూ తిరుగుతుంది.

మంగళవారం పొద్దున ఆఫీసుకి వెళ్ళబోయే ముందు మురిపెంగా ఒకసారి చూసుకుందామని ఫైలు తెరిచింది. తెల్లగా ఉంది. కిందికి జరిపింది. తెలుపే. ఇంకా కిందికి జరిపింది. తెలుపు మీద తెలుపు. గుండె జారి చెప్పుల్లోకి వచ్చింది. ఎంతో దూరం పోయాక అక్షరాలు కనిపించాయి.

(అందరూ స్పృహ తప్పి పడిపోతారు)
(డాక్టరు పారిపోతాడు)
(తెర పడుతుంది)
(తెర లేస్తుంది)
(దొంగ ప్రవేశిస్తాడు)

ఆ తర్వాత అల్లుడు మొదలుపెట్టాడు. నాటకంలో ఉన్న తన మాటలన్నీ ఊపిరి తీసుకోకుండా చెప్పేశాడు. తర్వాత కంపౌండరు. తర్వాత డాక్టరు వచ్చి, "ఆ అనండి, ఆ అనండి, ఆ అనండి" అని ఆరుసార్లు అన్నాడు. ఆయన ముందు ఎవరూ లేరు. దొంగ వచ్చి తనని ఎవరూ పట్టుకోకుండానే "నన్ను వదిలేయండి బాబూ" అని ఏడ్చాడు. అందరి పనీ అయిపోయాక మామగారు వచ్చి, డాక్టరు ఎప్పుడో అడిగినదానికి, "ఆ, ఆ, ఆ, ఆ, ఆ, ఆ" అన్నాడు.

లిస్టక్క గుడ్లప్పగించి చూసింది. తెర పడ్డాక లేచే నాటకం ఎక్కడైనా ఉంటుందా?

పక్కనే వదిన కుట్టుమిషను టకటకలాడుతోంది. అన్నగారి భార్య. ఆ గదిలో ఒక గోడ వైపు కంప్యూటర్, ఇంకో గోడ వైపు వదిన మిషను. వదినకి సర్దే జబ్బు ఉంది. గుండీలు సైజుల వారీగా పదహారు సీసాల్లో ఉంటాయి. దారపు ఉండలు లేత రంగు నుంచి ముదురు రంగుకి వరసగా నిలబడతాయి. అన్నయ్య సాక్స్‌లు కూడా వరసలోనే ఉంటాయి. లిస్టక్క చూపు ఆ సీసాల మీదికి వెళ్ళింది, అక్కణ్ణుంచి వదిన మీదికి వెళ్ళింది.

"వదినా, నా నాటకం సర్దావా?"

"ఏం సర్దడం?"

"అదే, ఎవరి మాటలు వాళ్ళకి ఒకచోట పెట్టి సర్దేశావా అని."

వదిన మిషను ఆపింది. "అమ్మాయ్, నేను గుండీలు సర్దుతాను. మనుషుల మాటలు సర్దగలిగితే ముందు మీ అన్నయ్యవి సర్దేదాన్ని."

"మరి ఈ గదిలో నువ్వు కాక ఇంకెవరున్నారు?"

"నీ కంప్యూటర్ ఉంది. దాన్నడుగు." మిషను మళ్ళీ టకటకలాడింది. ఈసారి కొంచెం గట్టిగా.

లిస్టక్క కంప్యూటర్‌నే అడిగింది. ఆ కలగాపులగం ఫైల్లో ఒక మాట అటూ ఇటూ మార్చి, మీట నొక్కి, మళ్ళీ తెరిచింది. ఏమీ జరగలేదు. పెట్టిన మాట పెట్టినచోటే ఉంది. కొత్త ఫైల్లో 'డాక్టరు, అల్లుడు, కంపౌండరు' అని మూడు వరుసలు కొట్టి చూసింది. అవీ కదల్లేదు. అంటే కంప్యూటర్ ఏ పాపం ఎరగదు. ఇది మనిషి పనే.

ఆ రోజు స్టోర్సులో వాషర్లు అడిగినవాళ్ళకి నట్లు ఇచ్చింది. సాయంత్రం ఇంటికొచ్చి, జ్ఞాపకం ఉన్నంతలో నాటకాన్ని మొదటినుంచి మళ్ళీ పేర్చింది. రాసేటప్పుడు ప్రతి మాటనీ పైకి చదవడం ఆవిడకి అలవాటు. డాక్టరు గొంతు ఒకలా, మామగారి గొంతు ఒకలా. మూడు గంటలు పట్టింది. మీట నొక్కి మూసేసింది. బుధవారం ఫ్యాక్టరీకి వెళ్ళగానే తెరిచి చూడకుండా అచ్చు తీయించి, అల్లుడి వేషం వేయబోయే క్రేన్ బాబాయ్ చేతిలో పెట్టింది. క్రేన్ నడిపే బాబాయ్‌కి యాభై అయిదేళ్ళు. ఆయన మీసం ఒక్కటే ఆయన మామగారు కావడానికి సరిపోతుంది. కానీ అల్లుడు వేషమే కావాలని పట్టుబట్టాడు.

మధ్యాహ్నం ఆయనే స్టోర్సు కిటికీ దగ్గరికి వచ్చాడు.

"లిస్టక్కా, చదివానమ్మా. మొదటి నాలుగు కాగితాలూ ఖాళీగా ఉన్నాయి. చాలా లోతుగా ఉంది."

లిస్టక్క కిటికీలోంచి తల బయటికి పెట్టింది. "ఖాళీగానా?"

"తర్వాత అందరూ పడిపోయారు, తెర పడింది, లేచింది. నేను ఒక్కణ్ణే పావుగంట మాట్లాడాను. ఎవరితోనో మాత్రం తెలియలేదు. గోడతోనా?"

"ఇలా ఇయ్యి బాబాయ్, అది చిత్తుప్రతి."

"నాకు బాగానే ఉందమ్మా. ఎవరూ అడ్డు రారు."

సరిగ్గా అప్పుడే సేఫ్టీ ఆఫీసరు గారు అటు వచ్చారు. తల మీద పసుపు హెల్మెట్, చేతిలో ఇంకో హెల్మెట్. "నాటకం ఎంతదాకా వచ్చిందమ్మా? తొందరేం లేదు. కంగారు పడితే ప్రమాదాలు జరుగుతాయి. మాది ఎలాగూ సిద్ధంగా ఉంది." ఆయన నవ్వు హెల్మెట్ అంచు కింద తళతళలాడింది.

ఆ సాయంత్రం నాటకాన్ని మూడోసారి పేర్చింది లిస్టక్క. ఈసారి మూసేశాక ముఖానికి రాసుకునే పౌడరు డబ్బా తెచ్చి, కీబోర్డు మీద పల్చగా చల్లింది. ఎవరి వేళ్ళు తగిలినా పొద్దున్నే తెలిసిపోతుంది. వదిన గుమ్మంలో నిలబడి అంతా చూసింది.

"కీబోర్డుకి పెళ్ళిచూపులా?"

లిస్టక్క తల తిప్పకుండా డబ్బా మూత బిగించింది.

"నా వేళ్ళ ముద్రలు కావాలంటే అడుగమ్మా, ఇస్తాను. దొంగచాటు ఎందుకు?" అంది వదిన. నవ్వుతూనే అంది. కానీ భోజనాల దగ్గర రెండోసారి వడ్డించడానికి లేవలేదు.

గురువారం పొద్దున పౌడరు చెక్కు చెదరలేదు. నాటకం మాత్రం చెదిరింది. అందరూ పడిపోయారు, తెర పడింది, తెర లేచింది.

అప్పుడు లిస్టక్క కోపం వదిన మీదినుంచి లేచి, ఎడిటర్ తయారుచేసిన మనిషి మీద వాలింది. ఆయన ఎవరో, ఎక్కడుంటాడో తెలియదు. ఈమెయిల్ చిరునామా మాత్రం ఉంది. ఉత్తరం రాసింది. అందులో ఆయన చేసిన అపరాధాలు అకారాది క్రమంలో ఇరవై రెండు ఉన్నాయి. 'అలసత్వం'తో మొదలై 'హృదయం లేకపోవడం'తో ముగిసింది. ఒక కాపీ క్యాంటీన్ నోటీసు బోర్డుకి కూడా అంటించింది, లోకానికి తెలియాలి కదా అని.

శుక్రవారం జవాబు వచ్చింది.

"నమస్కారం అమ్మా. మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి భయం వేసింది. రెండోసారి నీళ్ళు తాగి చదివాను. ఒక్కటే మనవి. మీ సొంత సెట్టింగులు పక్కన పెట్టి, ఎడిటర్‌ని ఖాళీగా తెరిచి, ఒకసారి అదే పని చేసి చూడండి."

లిస్టక్కకి ఒళ్ళు మండింది. "నా సెట్టింగులా? పదకొండేళ్ళుగా బిడ్డల్లా పెంచుకున్నవి! ఇతను చేసిన తప్పుకి నా సెట్టింగులని అంటాడా?" ఆ జవాబు చూపించి అన్నయ్యతో అంది, క్యాంటీన్లో అందరితో అంది. వదినతో మాత్రం అనలేదు. మాటలు లేవు మరి.

శనివారం సగం పూట సెలవు. నాలుగింటికి చదివి వినిపించాలి. ఒంటిగంటన్నరకి లిస్టక్క కలగాపులగం నాటకం ముందు బుగ్గన చెయ్యి పెట్టుకుని కూర్చుంది. మళ్ళీ పేర్చాలి. పేర్చినా మీట నొక్కగానే చెదిరిపోతే? ఇక హెల్మెట్టే. ఇంకో ఏడాది హెల్మెట్. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

వదిన ఇటు తిరక్కుండానే మాట్లాడింది. "ఆ మహానుభావుడు చెప్పినట్టు చేసి చూస్తే నీ కిరీటం ఏమన్నా పడిపోతుందా?"

"మూడు వరుసలు కొట్టి ఎప్పుడో చూశాను వదినా. ఏం కాలేదు."

"మూడు వరుసలు కాదమ్మాయ్. నువ్వు నాటకం ఎలా మొదలుపెట్టావో అచ్చం అలాగే కొట్టు. జాకెట్టు ఎక్కడ తేడా వచ్చిందో చూడాలంటే నేను జాకెట్టే చూస్తాను, జేబురుమాలు చూస్తానా?"

లిస్టక్క కొట్టింది. తను ఏ పని మొదలుపెట్టినా జాబితాతోనే మొదలుపెడుతుంది కాబట్టి, నాటకంలో మొట్టమొదటి వరుస 'పాత్రల జాబితా'. కింద మామగారు, అల్లుడు, డాక్టరు. మీట నొక్కింది. తెరిచింది. అల్లుడు, డాక్టరు, పాత్రల జాబితా, మామగారు.

"వదినా! చెదిరింది!" అని అరిచింది, లాటరీ తగిలినట్టు.

ఇప్పుడు పెన్‌డ్రైవ్ పీకేసింది. సెట్టింగులు లేని ఎడిటర్ బోడిగా, పెళ్ళికి పిలవని చుట్టంలా తెరుచుకుంది. అవే నాలుగు వరుసలు కొట్టి, సేవ్ చేసి, మూసి, తెరిచింది. పాత్రల జాబితా పైనే ఉంది. మామగారు దర్జాగా దాని కిందే ఉన్నాడు.

లిస్టక్క పీకిన పెన్‌డ్రైవ్‌ని చేతిలో అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఏమైంది?" అంది వదిన.

"ఏం లేదు."

"ఏం లేదంటే ఏదో ఉన్నట్టే."

సెట్టింగులు మొత్తం నూట నలభై వరుసలు. డెబ్భై తీసి చూసింది, చెదిరింది. అంటే ఆ డెబ్భై నిర్దోషులు. మిగిలినవాటిలో సగం తీసింది, చెదర్లేదు. అంటే తీసినవాటిలోనే ఉన్నాడు దొంగ. వాటిలో సగం, ఆ సగంలో సగం. వదిన కుర్చీ లాక్కుని వచ్చి పక్కన కూర్చుంది. ముప్పై అయిదు, పద్ధెనిమిది, తొమ్మిది, అయిదు, రెండు. ఇద్దరి తలలూ తెరకి ఆనుకున్నాయి.

ఒకటి.

దాని పైన, తొమ్మిదేళ్ళ కిందటి తేదీతో, ఒక గమనిక కూడా ఉంది. "మొదటి వరుసలో 'జాబితా' అన్న మాట ఉంటే, సేవ్ చేసేటప్పుడు ఫైలంతా అకారాది క్రమంలో పెట్టాలి. చాలా ఉపయోగం. ఇది ఎప్పుడూ తీయకు. ఇట్లు, నేను."

లిస్టక్క తెర మీది ఆ వరుసని వేలితో తుడిచి చూసింది. పోలేదు.

స్టోర్సు పని కోసం పెట్టుకున్న ఏర్పాటు. అక్కడ ప్రతి ఫైలూ జాబితాయే. వరసలో అక్షరాలకంటే గుర్తులు ముందొస్తాయి. మొదటి వరుస ముందు ఒక చుక్కగుర్తు పెడుతుంది కాబట్టి అది పైనే నిలబడుతుంది. నాటకానికి చుక్క పెట్టలేదు. అందుకే ఖాళీ వరుసలన్నీ పైకి తేలి, 'పాత్రల జాబితా' దొంగ తర్వాత ఎక్కడికో మునిగిపోయింది. అది కిందికి పోయాక ఇక మొదటి వరుసలో ఆ మాటే ఉండదు. అందుకే చెదిరినదాన్ని ఎన్నిసార్లు పరీక్షించినా ఏమీ జరగలేదు. కష్టపడి సరిచేసినప్పుడల్లా మాత్రం మళ్ళీ చెదిరింది.

వదిన ఆ గమనికని నెమ్మదిగా, అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివింది. "ఇట్లు, నేను. ఎవరమ్మాయ్ ఈ 'నేను'?"

లిస్టక్క ఆ గమనిక కనబడకుండా తెరకి చెయ్యి అడ్డం పెట్టింది.

"వేలిముద్రలు తీసి చూద్దామా? పౌడరు మిగిలిందా?"

"వదినా..."

"సరేగానీ, నీ నాటకంలో ఆ మామగారి పళ్ళసెట్టు చివరికి ఎక్కడ దొరికింది?"

"ఆయన నోట్లోనే," అంది లిస్టక్క. చెప్పాక ఆ మాట తనకే వినపడింది. చెవులు కాదు, ఈసారి మెడ దాకా ఎర్రబడింది. "తప్పయిపోయింది వదినా. నిన్ను అనుమానించాను. పౌడరు కూడా నీదే వాడాను."

"అది నాకు అప్పుడే తెలుసు. డబ్బా సగానికి దిగింది." వదిన చీరకొంగు దోపుకుంది. "టైమెంతయింది?"

రెండు నలభై. నాటకం ఇంకా కలగాపులగంగానే ఉంది. మూడు గంటలు పట్టే పని. ఫ్యాక్టరీకి నడిచి వెళ్ళడానికే పావుగంట.

"అయిపోయింది. సేఫ్టీ ఆఫీసరు గారు ఈపాటికి హెల్మెట్ తుడుచుకుంటూ ఉంటారు," అంది లిస్టక్క.

"కొట్టు," అంది వదిన.

"ఏం కొట్టను?"

"పాత్రల జాబితా. తర్వాత తెర లేస్తుంది. మామగారు మంచం కింద వెతుకుతూ, 'ఏమయ్యా అల్లుడూ, నిన్న రాత్రి నేను నవ్వినప్పుడు నువ్వు నా నోటివంకే ఎందుకు చూశావు?' అల్లుడు, 'మీరు నవ్వడం అదే మొదటిసారి కదండీ, వింతగా ఉంటేనూ.' కొట్టమ్మా, చూస్తావేం?"

లిస్టక్క నోరు వెళ్ళబెట్టింది. "నీకెలా వచ్చు?"

"ఎలా వచ్చేమిటి? మూడుసార్లు పైకి చదువుతూ కొట్టావు. నా చెవులేమన్నా గుండీల సీసాలో పెట్టి మూతపెట్టానా? మొదటిసారి చికాకేసింది. రెండోసారి నవ్వొచ్చింది. మూడోసారి నువ్వు ఒక మాట మర్చిపోయావు, కంపౌండరు సూదిది. నాతో మాట్లాడటం లేదు కదా అని చెప్పలేదు."

వదిన లేచి నిలబడి చెప్పడం మొదలుపెట్టింది. కొలతల టేపు మెడలో వేసుకుని డాక్టరైంది. గజంబద్ద కర్రగా పట్టుకుని మామగారైంది. "ఆ అనండి" అన్నప్పుడల్లా ఆపి, "ఆ" అని తనే అంది. లిస్టక్క వేళ్ళు పరుగెత్తాయి. దొంగ ఏడుపు దగ్గరికి వచ్చేసరికి ఇద్దరికీ నవ్వాగక మూడు నిమిషాలు వృథా అయ్యాయి. మూడు ముప్పై అయిదుకి తెర పడింది. ఈసారి చివర్లోనే పడింది.

ఆ ఒక్క సెట్టింగునీ తీసేసి, దేవుణ్ణి తలుచుకుని, లిస్టక్క మీట నొక్కింది. తెరిచింది. మొదటి వరుస, పాత్రల జాబితా.

క్యాంటీన్లో చదివింది లిస్టక్కే. రెండో పేజీలో వంటగదివాళ్ళు గరిటెలు పట్టుకుని బయటికి వచ్చారు. డాక్టరు పారిపోయేచోట కమిటీ పెద్దాయనకి టీ పొరబోయింది. అంతా అయ్యాక ఎవరూ ఏమీ అడగలేదు. "వేసేద్దాం" అన్నారు. సేఫ్టీ ఆఫీసరు గారు కూడా హెల్మెట్ తీసి కళ్ళు తుడుచుకున్నారు. ఆయన తల అందరూ చూడటం అదే మొదటిసారి. "దొంగకి హెల్మెట్ ఉంటే బాగుంటుందేమో" అని మాత్రం అన్నారు. ఒప్పుకోక తప్పలేదు.

క్రేన్ బాబాయ్ ఒక్కడే కొంచెం దిగులుగా ఉన్నాడు. "ఆ మొదటిదే బాగుందమ్మా. ఇందులో మామగారు మాటిమాటికీ అడ్డొస్తున్నాడు."

వెళ్ళేముందు లిస్టక్క నోటీసు బోర్డు మీది ఉత్తరాన్ని పీకి మడిచి జేబులో పెట్టుకుంది. ఇంటికెళ్ళి ఎడిటర్ ఆయనకి క్షమాపణ రాసింది. అది ఏ క్రమంలోనూ లేదు.

సోమవారం స్టోర్సులో కొత్త విడిభాగాలు మూడు వచ్చాయి. లిస్టక్క వాటిని జాబితా చివర కొట్టి, మీట నొక్కి, మళ్ళీ తెరిచింది. మూడూ చివరే ఉన్నాయి. మళ్ళీ నొక్కింది. కదల్లేదు. 'ఆయిల్ సీలు' వెళ్ళి 'హోస్ క్లిప్పు' కింద కూర్చుని ఉంది, సిగ్గు లేకుండా.

లిస్టక్కకి ముక్కు మీదికి కోపం వచ్చింది. వెంటనే ఉత్తరం మొదలుపెట్టింది. "అయ్యా, ఇన్నేళ్ళుగా చక్కగా పనిచేసిన మీ ఎడిటర్, ఉన్నట్టుండి జాబితాలని వరసలో పెట్టడం మానేసింది. దీనికి మీరు..."

వేళ్ళు ఆగాయి. తర్వాత ఫోన్ తీసి ఇంటికి చేసింది.

"వదినా, ఇక్కడ ఇంకో పళ్ళసెట్టు పోయింది."

అవతల కుట్టుమిషను ఆగింది. "ముందు నోట్లో చూసుకోమ్మాయ్," అంది వదిన.